కోలా బొమ్మ పుస్తకం

హెచ్‌టీఎంఎల్ పుస్తకం ఏది చేతికిచ్చినా నేను ముందు దాని లావు చూస్తాను, ఆ తర్వాతే అచ్చయిన సంవత్సరం. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో పాతికేళ్లుగా వెబ్ డిజైనింగ్ చెబుతున్నవాణ్ణి. "సార్, ఏ పుస్తకం కొనమంటారు?" అని అడగని బ్యాచ్ ఇప్పటిదాకా తగల్లేదు. నా జవాబు మాత్రం నాలుగైదేళ్లకోసారి మారుతూ వచ్చింది. అదెందుకు మారిందో చెప్పాలంటే ఈ పుస్తకాలు ఎప్పుడు ఎందుకు లావెక్కాయో, ఎప్పుడు ఎందుకు చిక్కిపోయాయో చెప్పాలి.

మొదట్లో పుస్తకంతో పనే లేదు. 1991లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్ లీ రాసిపెట్టిన 'హెచ్‌టీఎంఎల్ ట్యాగ్స్' అనే పత్రంలో ఉన్నవి 18 ట్యాగులు. శీర్షికలు, పేరాలు, జాబితాలు, లింకులు, ఇంకా అలాంటివే కొన్ని. బొమ్మ పెట్టే ట్యాగు కూడా అందులో లేదు, అది 1993లో మొజాయిక్ బ్రౌజర్‌తో వచ్చింది. ఒక పూట కూర్చుంటే అన్నీ నోటికొచ్చేస్తాయి. 1995 మొదట్లో లారా లెమే అనే ఆవిడ వారం రోజుల్లో వెబ్ పబ్లిషింగ్ నేర్చుకోండంటూ శామ్స్ సంస్థ ద్వారా ఒక పుస్తకం తెచ్చింది. అదే ఏడాది ఇయాన్ గ్రహమ్ 'హెచ్‌టీఎంఎల్ సోర్స్‌బుక్' వచ్చింది. విచిత్రమేమిటంటే భాషకు తొలి అధికారిక ప్రమాణం, హెచ్‌టీఎంఎల్ 2.0, ఖరారైంది 1995 నవంబరులో. వ్యాకరణం రాకముందే పాఠ్యపుస్తకాలు దుకాణాల్లో ఉన్నాయన్నమాట. ఈ వృత్తిలో పుస్తకాలకూ ప్రమాణాలకూ మధ్య ఉన్న ఎడం ఆనాడే మొదలైంది, ఇప్పటికీ పూడలేదు.

1996లో రెండు పుస్తకాలొచ్చాయి. చక్ ముసియానో, బిల్ కెనెడీ కలిసి ఓరైలీ ప్రచురణ సంస్థకు రాసిన 'హెచ్‌టీఎంఎల్: ది డెఫినిటివ్ గైడ్' ఒకటి. పీచ్‌పిట్ ప్రెస్ వేసిన ఎలిజబెత్ కాస్ట్రో 'విజువల్ క్విక్‌స్టార్ట్ గైడ్' రెండోది. మొదటిది చదువుకునేది, రెండోది చూసి చేసేది. కాస్ట్రో పుస్తకంలో ప్రతి పేజీలో పక్కపక్కనే మెట్లూ బొమ్మలూ ఉంటాయి. ఏది కావాలో ఆ పేజీ తిప్పి, చేసి, మూసేయొచ్చు. ముసియానో పుస్తకం అలా కాదు, ఒక ట్యాగు ఎందుకుందో, ఎక్కడ వాడకూడదో కూడా వివరించి గానీ వదలదు. దాని అట్ట మీద కోలా బొమ్మ.

ఓరైలీ అట్టల మీద జంతువుల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఎడీ ఫ్రీడ్‌మన్ అనే డిజైనర్ పందొమ్మిదో శతాబ్దపు చెక్కడపు బొమ్మలు తీసుకుని మొదలుపెట్టిన పద్ధతి అది. పెర్ల్‌కు ఒంటె, జావాస్క్రిప్ట్‌కు ఖడ్గమృగం. కోఠీ పుస్తకాల షాపుల్లో పనిచేసే కుర్రాళ్లకు ఆ ఇంగ్లిష్ పేర్లు గుర్తుండేవి కావు, జంతువులు గుర్తుండేవి. కోలా అంటే ఏమిటో మాత్రం ఎవరికీ తెలియదు. "ఎలుగుబంటి పుస్తకమా సార్? అయిపోయింది, సోమవారం వస్తది" అనేవాడు ఒకడు. నేనూ అదే పేరుతో అడగడం అలవాటు చేసుకున్నాను.

అసలు మన దగ్గర పుస్తకానికి ఉన్న విలువ వేరు. విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను జనానికి అందుబాటులోకి తెచ్చింది గానీ, అది సందుల్లోని కోచింగ్ సెంటర్లకు చేరేసరికి చాలా కాలం పట్టింది. నేను నేర్చుకున్న చోట వరసగా కంప్యూటర్లుండేవి, ఒక్కదానికీ నెట్ లేదు. అయినా హెచ్‌టీఎంఎల్ పాఠం ఆగేది కాదు. నోట్‌ప్యాడ్‌లో రాసుకోవాలి, సేవ్ చేసుకోవాలి, బ్రౌజర్‌లో తెరుచుకోవాలి. దీనికి ఫోన్ వైరు అక్కర్లేదు. నెట్ లేకుండానే నెట్ చదువు చెప్పొచ్చు కాబట్టే అమీర్‌పేటలో ఆ కోర్సు అంత చవగ్గా అల్లుకుపోయింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఊళ్ల నుంచి వచ్చే పిల్లల సంఖ్య పెరిగింది, ఫీజులు మాత్రం పెరగలేదు. అమెరికాలో ఉన్నవాడికి ప్రమాణపత్రం మొత్తం తెరమీద ఉచితంగా దొరికేది, పుస్తకం ఒక సౌకర్యం. మాకు పుస్తకమే ఆధారం. అందులో లేని ట్యాగు లోకంలో లేనట్టే.

ఆ ఆధారమైనా అందింది భారతీయ ముద్రణల పుణ్యాన. ఓరైలీ పుస్తకాలను ముంబైలోని ష్రాఫ్ పబ్లిషర్స్, శామ్స్ పుస్తకాలను ఢిల్లీలోని టెక్‌మీడియా మళ్లీ అచ్చువేసేవి. థామస్ పావెల్ 'కంప్లీట్ రిఫరెన్స్' టాటా మెక్‌గ్రా హిల్ ముద్రణలో వచ్చేది. కాగితం పల్చన, బైండింగు అంతంతమాత్రం, ధర మాత్రం డాలర్ లెక్కలో నాలుగో వంతు కూడా ఉండేది కాదు. ఇక బీపీబీ వాళ్ల ఐవాన్ బేరాస్ పుస్తకం పూర్తిగా మన దేశం సరుకే. హెచ్‌టీఎంఎల్, డీహెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్, పెర్ల్ సీజీఐ అన్నీ ఒకే అట్టలో పెట్టి ఉద్యోగానికి సరిపడా వడ్డించేది. దాని గురించి మా వృత్తిలో పెదవి విరిచేవాళ్లున్నారు. నేను విరవను. డిగ్రీ పూర్తి చేసి మిర్యాలగూడ నుంచో మదనపల్లె నుంచో వచ్చి హాస్టల్‌లో దిగిన కుర్రాడికి ఒక్క పుస్తకం కొనే స్తోమతే ఉంటే, నాలుగు పనులు చేయించే పుస్తకమే కొనాలి. దాన్ని రిఫరెన్స్ అనలేం, అంతే. ఏదైనా ట్యాగు గురించి అనుమానం వస్తే తీర్చేది కాదది.

అనుమానాలు తీర్చే పుస్తకాలు ఆ రోజుల్లోనే విపరీతంగా లావెక్కాయి. 1997 డిసెంబరులో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4.0లో ఉన్నవి 91 ట్యాగులు. పద్దెనిమిది నుంచి చూస్తే అయిదు రెట్లు. కానీ 1998లో డానీ గుడ్‌మన్ రాసిన 'డైనమిక్ హెచ్‌టీఎంఎల్: ది డెఫినిటివ్ రిఫరెన్స్' వెయ్యి పేజీలు దాటిపోయింది. అట్ట మీద ఫ్లెమింగో కొంగ, చేతిలో ఇటుక బరువు. తొంభై ఒక్క ట్యాగులకు వెయ్యి పేజీలెందుకు? ఎందుకంటే ఆ పేజీలు భాష గురించి కావు, రెండు బ్రౌజర్ల తగువు గురించి. నెట్‌స్కేప్ నాలుగో వెర్షన్‌లో లేయర్ అనే ట్యాగు ఉండేది, మైక్రోసాఫ్ట్‌కు అది పట్టదు. పేజీలో ఒక వస్తువును జావాస్క్రిప్ట్‌తో పట్టుకోవాలంటే నెట్‌స్కేప్‌లో ఒక దారి, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఇంకో దారి. గుడ్‌మన్ ఒక్కో అంశం పక్కన అది నెట్‌స్కేప్ ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో, ఎక్స్‌ప్లోరర్ ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో, ప్రమాణంలో ఉందో లేదో వరసగా వేశాడు. ఆ చిన్న అంకెల కోసమే ఆ పుస్తకం కొనేవాళ్లం. పక్కనున్న వివరణ చదివింది తక్కువ.

బ్లింక్ నెట్‌స్కేప్ సొత్తు, మార్కీ ఎక్స్‌ప్లోరర్ సొత్తు. బ్లింక్ పోయింది. మార్కీ మాత్రం మన దేశంలో స్థిరపడింది. ఇంజనీరింగ్ కాలేజీ సైటైనా, ప్రభుత్వ శాఖ సైటైనా, పైన ఎర్రక్షరాలు కుడి నుంచి ఎడమకు పరుగెత్తకపోతే క్లయింటుకు డబ్బులిచ్చిన తృప్తి ఉండేది కాదు. ప్రమాణంలో వాడదగినదిగా ఏనాడూ చోటు దొరకని ట్యాగును అంత ప్రేమగా సాకిన జాతి ఇంకోటి ఉంటుందనుకోను.

ఇంకో రకం పుస్తకం కూడా ఆ కాలంలోనే పుట్టింది. డేవిడ్ సీగెల్ 1996లో తెచ్చిన 'క్రియేటింగ్ కిల్లర్ వెబ్ సైట్స్'. పట్టికల కోసం పెట్టిన టేబుల్ ట్యాగును పేజీ అంతటికీ చట్రంగా వాడటం, ఒక్క పిక్సెల్ కొలతగల కనబడని బొమ్మను సాగదీసి ఖాళీలు పుట్టించడం లోకానికి నేర్పింది ఆయనే. అచ్చుపత్రికంత అందంగా ఉండేవి ఆ పేజీలు. మరుసటి ఏడాదే ఆయన వెబ్‌ను పాడుచేసింది తానేనని ఒక వ్యాసమూ రాశాడు. అప్పటికే ఆ విద్య అమీర్‌పేట చేరిపోయింది. టేబుల్‌లో టేబుల్, దానిలో ఇంకో టేబుల్. దాదాపు పదేళ్లు మేము చెప్పుకు తిన్న పాఠం అది.

ఆ పాఠానికి విరుగుడు మాత్రం చాలా ముందే తయారై ఉంది. 1994 అక్టోబరులో సెర్న్‌లోనే పనిచేస్తున్న నార్వే దేశస్థుడు హోకోన్ వియుమ్ లీ, రూపాన్ని రాతనుంచి విడదీయాలని స్టైల్ షీట్ల ప్రతిపాదన పెట్టాడు. డచ్చివాడు బెర్ట్ బోస్ చేయి కలిపాడు. 1996 డిసెంబరు 17న సీఎస్‌ఎస్ మొదటి ప్రమాణం వచ్చింది. 1997లో వాళ్లిద్దరే దాని మీద పుస్తకమూ రాశారు. కట్టినవాళ్లే రాసిన పుస్తకం కదా అని ఆశపడి చదివితే ఇబ్బందే. అందులో ఉన్నట్టు రాస్తే తెరమీద రాదు. రాసినవాళ్ల తప్పు కాదది, బ్రౌజర్లు అంతదాకా రాలేదు.

క్లీవ్‌లాండ్‌లో కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఎరిక్ మేయర్ అదే పని తిరగేసి చేశాడు. సీఎస్‌ఎస్‌లోని ఒక్కో లక్షణాన్ని ఒక్కో బ్రౌజర్‌లో పరీక్షించి, ఏది పలుకుతుందో ఏది పలకదో పట్టికలు కట్టాడు. ఆ అనుభవంతో 2000లో 'క్యాస్కేడింగ్ స్టైల్ షీట్స్: ది డెఫినిటివ్ గైడ్' రాశాడు. అట్ట మీద సాల్మన్ చేపలు. అయిదువందల పేజీల లోపే. నా దృష్టిలో ఈ వృత్తి మొత్తానికి వచ్చిన ఒకే ఒక్క గొప్ప రిఫరెన్స్ అదే. ఒక నియమం ఇంకో నియమాన్ని ఎప్పుడు ఓడిస్తుంది, పెట్టె వెడల్పులో అంచు కలుస్తుందా కలవదా, పైనా కిందా ఉన్న రెండు మార్జిన్లు ఎందుకు ఒకటైపోతాయి లాంటి చిక్కులను లెక్కల మాస్టారిలా ఓపికగా విప్పుతాడు. బ్రౌజర్ గొడవలు చెబుతాడు గానీ పుస్తకాన్ని వాటి మీద నిలబెట్టలేదు. అందుకే గుడ్‌మన్ పుస్తకం నెట్‌స్కేప్‌తో పాటే పోయింది, మేయర్ తొలి ముద్రణలోని ఆ అధ్యాయాలు ఇవాళా చెప్పుకోవచ్చు.

2003లో జెఫ్రీ జెల్డ్‌మన్ 'డిజైనింగ్ విత్ వెబ్ స్టాండర్డ్స్' వచ్చింది. మా పిల్లలు దాన్ని తిరగేసి, "ఇందులో ట్యాగుల లిస్టు లేదేంటి సార్" అని తిరిగిచ్చేశారు. నిజమే. అది నేర్పే పుస్తకం కాదు, వాదించే పుస్తకం. బ్రౌజర్ కంపెనీలు ప్రమాణాలు పాటించి తీరాలని 1998 నుంచి వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్టు పేరుతో పోరినవాళ్లలో ఆయనొకడు. వాళ్లు గెలిచారు. గెలిచిన కొద్దీ, ఏ బ్రౌజర్‌లో ఏమవుతుందో చెప్పే పేజీలకు పని తగ్గింది. లావు పుస్తకాల పునాది కదిలింది అక్కడే.

ఇంత కథలో తెలుగు ఎక్కడా లేదు కదా. నేను చూసిన ఆ లావు పుస్తకాల్లో కూడా లేదు. ఇతర భాషల గురించి చివర్లో ఒక అధ్యాయం ఉంటే అందులో కుడి నుంచి ఎడమకు రాసే అరబిక్, హీబ్రూ, ఆ తర్వాత జపనీస్, అంతటితో సరి. నిజానికి యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటుంది, అదీ 1991లోనే వచ్చింది. అంటే పద్దెనిమిది ట్యాగులూ తెలుగక్షరాల సంకేతాలూ ఒకే ఈడువి. అయినా అవి మన తెరమీద కలవడానికి పదేళ్లకు పైగా పట్టింది. ఈలోగా తెలుగు పత్రికల సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటు పెట్టుకున్నాయి. లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే, పైన తెలుగు తొడుగు. ఫాంటు దించుకోకపోతే వార్తల స్థానంలో గజిబిజి కనబడేది. ఫాంటును పేజీతోపాటే పంపే ఏర్పాటుకూ మళ్లీ తగువే. ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ తరహా ఫైలు, నెట్‌స్కేప్‌కు బిట్‌స్ట్రీమ్ తరహా ఫైలు. తెలుగు సైటు చేసినవాడు రెండూ తయారుచేసుకోవాలి.

ఇక్కడ ఒక సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 1998లో వచ్చిన సీఎస్‌ఎస్ 2లో ఫాంటును పేజీకి జతచేసే నియమం ఉంది. మనకు అన్నిటికన్నా అవసరమైనది అదే. 2.1 అని సవరించినప్పుడు దాన్ని తీసి పక్కన పెట్టారు, అప్పటి బ్రౌజర్లలో సరిగా అమలు కాలేదని. ఏరియల్, టైమ్స్ ఉన్నవాళ్లకు అది లేకపోయినా గడిచింది. 2009 ప్రాంతంలో ఫైర్‌ఫాక్స్ లాంటివి దాన్ని తిరిగి తెచ్చేదాకా మనం చాలావరకు కంప్యూటర్‌లో ఏ ఫాంటుంటే దానితోనే సరిపెట్టుకున్నాం. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి, దేశికాచారి గారి పోతన 2000, వేమన 2000 ఆ కాలాన్ని దాటించాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. పాత పత్రికల ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపే 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు కూడా వచ్చింది. వీటి గురించి నేర్చుకున్నదంతా మనవాళ్లు ఒకరికొకరు చెప్పుకోగా తెలిసిందే, పుస్తకంలో చదివింది కాదు.

మళ్లీ పుస్తకాలకొస్తే, 2005 చివర్లో ఎలిసబెత్ ఫ్రీమన్, ఎరిక్ ఫ్రీమన్‌ల 'హెడ్ ఫస్ట్' వచ్చి క్లాసు వాతావరణాన్నే మార్చింది. బొమ్మలు, జోకులు, ఖాళీలు పూరించే ఆటలు. మొదట నాకు చిరాకు. కానీ ఇంగ్లిష్ మీడియం చదవని పిల్లలు దాన్ని పట్టుకున్నంత ఇష్టంగా ఇంకే పుస్తకాన్నీ పట్టుకోలేదు. పొట్టి వాక్యాలు, ఒక పేజీకి ఒక సంగతి. జేఎన్‌టీయూ వెబ్ టెక్నాలజీస్ పేపర్‌కు క్రిస్ బేట్స్ పుస్తకం పెట్టుకుని పాసైనవాళ్లు కూడా నా దగ్గరకొచ్చి దీంతోనే మళ్లీ మొదలుపెట్టేవారు.

2010లో జెరెమీ కీత్ 'హెచ్‌టీఎంఎల్5 ఫర్ వెబ్ డిజైనర్స్' వంద పేజీలు కూడా లేకుండా వచ్చింది. మరుసటి ఏడాది ఈథన్ మార్కాట్ 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' కూడా పల్చటి పుస్తకమే. అదే 2011లో జాన్ డకెట్ పుస్తకం వచ్చింది. ప్రతి పేజీ రంగుల్లో, వారపత్రిక తిప్పినట్టు ఉంటుంది. ఇవాళ ఏ కుర్రాణ్ణి అడిగినా ముందు దాని పేరే చెబుతాడు. అందమైన పుస్తకమే, కాదనను. కానీ అందులో పేజీని నిలువుగా విభజించడానికి నేర్పేది ఫ్లోట్ పద్ధతి. ఫ్లెక్స్‌బాక్స్ గానీ, 2017 మార్చిలో ఒకే నెలలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీల్లోకి దిగిన గ్రిడ్ గానీ దాన్లో లేవు. లేఅవుట్ అధ్యాయం వదిలేసి మిగతాది చదవమంటాను. రంగుల పేజీలు చూపించి అందులో కొన్ని వద్దంటే ఎవరు వింటారు?

ప్రమాణానికి వెర్షన్ అంకెలుండటం కూడా ఆగిపోయింది. 2014 అక్టోబరు 28న హెచ్‌టీఎంఎల్5ను వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఖరారు చేసింది. అప్పటికే బ్రౌజర్ కంపెనీల వాళ్లు వాట్‌డబ్ల్యూజీ పేరుతో అంకె లేకుండా, నిరంతరం మారే ప్రమాణం నడుపుతున్నారు. 2019లో డబ్ల్యూ3సీ కూడా వాళ్లదే అసలు ప్రతి అని ఒప్పుకుంది. ముసియానో, కెనెడీల కోలా పుస్తకం 2006లో ఆరో ముద్రణ వేసుకుంది. ఆ తర్వాత ముద్రణ నేను చూడలేదు. ఇప్పుడు ట్యాగు చూడాలంటే మొజిల్లా వాళ్ల ఎండీఎన్ తెరుస్తాం. గుడ్‌మన్ పక్కన వేసిన చిన్న అంకెలే అక్కడ ప్రతి పేజీ అడుగున పట్టికగా ఉంటాయి.

పుస్తకం చచ్చిపోయిందని తీర్మానించేద్దామంటే మేయర్ అడ్డొస్తాడు. 2017లో ఎస్టెల్ వెయిల్‌తో కలిసి వేసిన నాలుగో ముద్రణ వెయ్యి పేజీలు దాటింది. 2023లో అయిదోది వచ్చింది. ఈసారి లావు తగువువల్ల రాలేదు. భాషే పెరిగింది. గ్రిడ్, ఫ్లెక్స్‌బాక్స్, కదలికలు, రంగుల లెక్కలు. ఇప్పుడు నా జవాబు ఇది: మొదటి నెల పుస్తకం కొనకండి, ఎండీఎన్ చాలు. చేతులు కాస్త తిరిగాక మేయర్ పుస్తకం నలుగురు కలిసి ఒకటి కొని, నియమాల తూకం, పెట్టె, గ్రిడ్ అధ్యాయాలు కూర్చుని చదవండి. మిగతాది అవసరమైనప్పుడు తిరగేసుకోవచ్చు.

దానితోపాటు నేను తయారుచేసిన జిరాక్స్ కాగితాలు రెండు ఇస్తాను, తెలుగు పేజీ చేయాల్సినవాళ్లకు. లైన్ హైట్ ఇంగ్లిష్‌కు సరిపోయినంత పెడితే పై వరస ఒత్తు కింది వరస గుడిని తాకుతుంది, పెంచండి. అక్షరాల మధ్య ఎడం పెంచే లక్షణం తెలుగు మీద వాడకండి, కొన్ని బ్రౌజర్లలో ఒత్తు ఒకచోట అక్షరం ఒకచోట పడతాయి. ఇటాలిక్ వేస్తే అక్షరం ఒరిగిపోతుందే తప్ప అందం రాదు. పేరా మొదటి అక్షరాన్ని పెద్దది చేసే పద్ధతి 'స్త్రీ' లాంటి మాట దగ్గర ఎలా వస్తుందో అన్ని బ్రౌజర్లలోనూ చూసుకోండి. 1998 నాటి సీఎస్‌ఎస్ 2లో జాబితాలకు జార్జియన్, ఆర్మీనియన్ అంకెలు కూడా ఉన్నాయి, తెలుగు లేదు. ఇప్పుడు చేర్చారు. తెలుగు అని పెడితే ౧, ౨, ౩ వస్తాయి. మొన్నటి బ్యాచ్‌లో ఒకమ్మాయి అవి చూసి, "సార్, ఫాంట్ పాడైనట్టుంది" అంది.